గాజుతొట్టిలో క్లౌన్ చేపల కాపురము
(సుగటూరు ఉగాది కూటమిలో చదివిన ఉపన్యాసము)



పంచాంగ శ్రవణమునకును పద్యపఠనమునకును నడుమ చేపలను గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గము వారు మమ్మును ఆజ్ఞాపించినారు. ఉగాదినాడు చేపల ముచ్చట ఏమిటని కొందరికి తోచవచ్చును. వంటకు సంబంధించినది కాదని ముందే మనవి చేస్తున్నాము. ఈ రెండు మూడేండ్లలో మనవారిలో నాలుగైదు కుటుంబముల వారు ఇండ్లలో ఉప్పునీటి చేపల తొట్లు పెట్టుకొన్నారు. మా యింట ఆరేండ్లుగా ఒక జంట వున్నందున ఎవరికి ఏ సందేహము వచ్చినా మా వాకిటికే వస్తున్నారు. వచ్చినవారు అడుగునది మాత్రము ఒక్కటే ప్రశ్న. "నిన్నటిదాకా రెండూ బాగుండినవి. ఈ దినము ఏదో వింతగా చేస్తున్నవి. జబ్బా, పోట్లాటా? రెంటిని విడదీయవలెనా?" ఈ విడదీయుట అనుదానిని గురించియే మేము ముఖ్యముగా మాట్లాడదలచినాము. చూడబోతే రోగముచేత చచ్చిన చేపలకంటె మన దయచేత చచ్చిన చేపలే ఎక్కువగా వున్నవి.

మేము చెప్పునది క్లౌన్ చేప సంగతి. నారింజపండు రంగు ఒళ్లు, దానిమీద మూడు తెల్లని పట్టీలు, పట్టీలకు నల్లని అంచులు. సర్కసులోని బఫూను ముఖమునకు రంగు పూసుకొన్నట్లుండును గనుక ఆ పేరు వచ్చినది. 2003లో అమెరికావారు తీసిన నీమో బొమ్మల చిత్రమును చూచిన పిల్లలకు దీనిని వర్ణించి చెప్పనక్కరలేదు. హిందూ మహాసముద్రములోను పసిఫిక్ మహాసముద్రములోను సుమారు 30 జాతులు కలవు. అట్లాంటిక్ సముద్రములో ఒక్కటియు లేదు. మన దేశములో అండమాన్ దీవులు, లక్షద్వీపములు, రామేశ్వరము దిగువనుండు మన్నారు సింధుశాఖ వీని తావులు. అక్కడ ఇది ఎనిమోన్ అను జీవి నడుమ కాపురముండును. ఎనిమోన్ చూపుకు పువ్వు. తాకిన చేపకు మాత్రము తేలుకొండి. క్లౌన్ చేప ఒంటిమీది జిగురు దానిని ఆ విషమునుండి కాపాడును. కావున పగవాడు దరిచేరని ఇల్లు దానికి దొరికినది. ఇల్లు విడిచి నాలుగు బారలు పోయినచో ఏ పెద్ద చేపయో మ్రింగును. బయట బ్రతుకు లేదు, లోపల చోటు కొంచెము. ఈ ఒక్క సంగతిని మనసులో పెట్టుకొన్నచో తక్కిన వింతలన్నియు తామే విడిపోవును.

ఒక ఎనిమోన్‌లో ఒక కుటుంబము. అన్నిటికంటె పెద్ద చేప ఆడది. దాని తరువాతిది మగడు. వారి క్రింద ఒకటో రెండో నాలుగో చిన్నవి, వరుసగా ఒకదానికంటె ఒకటి చిన్నవిగా వుండును. ఇవి ఆ దంపతుల పిల్లలని అనుకొందుము. కాదు. పుట్టిన పిల్లలు నీటిలో కొట్టుకొనిపోయి పది పన్నెండు దినములు సముద్రము మీద తిరిగి ఎక్కడో ఒక ఎనిమోన్‌ను చేరును. కనుక ఈ చిన్నవి పరాయి యింటి బిడ్డలు, తమ వంతుకై కాచుకొని వున్నవి. (ఊరు విడిచి వచ్చి ఒకరి వరండాలో చోటు సంపాదించుకొన్న మనకు ఈ వరుస కొత్త కాదు గదా.)

ఇక అసలు వింత వినుడు. ఈ జాతిలో పుట్టుకతో ఆడది లేదు. ఎదిగినది మొదట మగది అగును. ఆడది చనిపోయిన యెడల దాని మగడు క్రమముగా ఆడదిగా మారిపోవును. చిన్నవానిలో పెద్దది మగని స్థానమునకు వచ్చును. ఒకసారి ఆడదైన చేప తిరిగి మగది కాజాలదు. జర్మనీ దేశపు హాన్స్ ఫ్రిక్, సిమోన్ ఫ్రిక్ అనువారు 1977లో నేచర్ పత్రికలో దీనిని గురించి వ్రాసినారు. ఆడది తన దాష్టీకముచేతనే మగనిని మగనిగా నిలిపి వుంచునని వారు చూపినారు. నీమో చిత్రములో తల్లి పోయిన తరువాత తండ్రి తండ్రిగానే వుండి కొడుకును వెదకుచు సముద్రమంతా తిరుగును. నిజమునకు ఆ తండ్రి కొంతకాలమునకు తల్లి అయి వుండవలెను. చిత్రము తీసినవారు పిల్లలకు ఇది చెప్పుటెట్లని జంకినారు కాబోలు.

అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయములో జస్టిన్ రోడ్స్ గారి బృందము 2019లో వెల్లడించిన పరిశోధన మన తొట్లకు మరింత దగ్గరగా వున్నది. వారు మగ చేపలనే రెండేసి చొప్పున జతచేసి చూచినారు. రెంటిలో గెలిచినది ఆడది కాసాగినది. అయితే ముందు మారినది బీజకోశము కాదు, మెదడు. మెదడులోని ఒక భాగము నెలల కాలములో ఆడదాని మెదడు వలె అగును. లోపలి అవయవము మారుటకు అంతకంటె చాల ఎక్కువ కాలము పట్టును. అనగా గుడ్డు పెట్టకముందే, చాల ముందే, నడవడి మారిపోవునన్నమాట. మనము అంగడినుండి రెండు చిన్న చేపలను తెచ్చి తొట్టిలో వదలినప్పుడు జరుగునది సరిగా ఇదే. మొదటి వారములలో రెండును తరుముకొనును. ఒకటి గెలుచును, పెరుగును, రెండవది తగ్గును.

మా పొరుగున ఒక అవ్వ వున్నది. ప్రతి సాయంకాలము వచ్చి తొట్టి ముందు కూర్చుండును. ఒకనాడు పెద్ద చేప చిన్నదానిని మూలకు తరిమి రెక్కను కొరికినది. అవ్వ తాళలేకపోయినది.

"ఏమి నాయనా, ఆ ముండాకొడుకు పెండ్లామును అట్ల కొట్టుతా వుంటే మీరు చూస్తా కూర్చున్నారే!"

"అవ్వా, కొట్టేది పెండ్లాము. దెబ్బలు తినేది మొగుడు."

అవ్వ కొంతసేపు మాటాడలేదు. తరువాత, "అయితే మనకెందుకులే, పోనీ" అని తమలపాకు తీసినది. ఇంటిలోని ఆడవారందరును నవ్వినారు. మేము నవ్వలేదని చెప్పుట లేదు. కాని అవ్వ మాటలో మనందరి పొరపాటు వున్నది. పెద్దది మగడని, కొట్టునది దుర్మార్గమని, చిన్నది దిక్కులేనిదని మనము మన యింటి కొలతతో కొలుచుచున్నాము. ఆ చిన్నది ఏమి చేయునో చూడుడు. పెద్దది మీదికి వచ్చినప్పుడు అది పక్కకు ఒరిగి, తల కొంచెము ఎత్తియో దించియో, ఒళ్లంతా గడగడ వణకించును. ఒకటి రెండు క్షణములు మాత్రమే. పెద్దది వెంటనే శాంతించి వెళ్లిపోవును. కొత్తగా చూచినవారు దీనిని మూర్ఛ యనుకొందురు. తొట్టిలో మందు పోసిన వారిని మేము ఎరుగుదుము. అది మూర్ఛ కాదు. "నీవే పెద్ద, నేను నీ మాటకు లోబడినవాడను" అనుటకు ఆ జాతివారి నమస్కారము. ఆ వణకు వున్నంతకాలము ఆ జంట సవ్యముగా వున్నదని తెలియవలెను. వణకు మానివేసి ఎదురు తిరిగిన నాడే మనము భయపడవలెను.

చిన్నది పెరుగకపోవుట మరొక ఫిర్యాదు. "ఇద్దరికీ సమానముగానే మేత వేస్తున్నాము, ఒకటి మూడంగుళములు దాటినది, రెండవది రెండంగుళముల వద్దనే నిలిచినది. పురుగు వున్నదేమో" అని అడుగుదురు. పీటర్ బస్టన్ అను శాస్త్రజ్ఞుడు పాపువా న్యూగినీ దేశపు సముద్రములో ఈ జాతి కుటుంబములను అనేకము కొలిచి 2003లో ఫలితము ప్రకటించినాడు. ప్రతి చేపయు తన పైదానికంటె కొంత చిన్నదిగా వుండునట్లు తన పెరుగుదలను తానే అదుపులో పెట్టుకొనునని తేలినది. పైదానితో సమముగా పెరిగినచో పోటీదారు అగును, పోటీదారును ఇంటినుండి వెళ్లగొట్టుదురు, వెళ్లగొట్టినచో చావే. కనుక చిన్నతనమే దానికి రక్ష. అది మేత లేక చిక్కినది కాదు.

ఇప్పుడు విడదీయుట సంగతి. బంగారుపేట మిత్రులొకరి యింట పై రెండు లక్షణములును కనిపించినవి. దయగల మనిషి. పట్టణములోని ఒక అంగడివాని సలహా మీద చిన్నదానిని తీసి వేరొక తొట్టిలో పెట్టినారు. ఒంటరిగా, భయపెట్టువారు లేక, అది హాయిగా తిని పెరిగినది. ఏడెనిమిది నెలలకు రెండును సమానముగా వున్నవి, ఇక పోట్లాడవని తలచి తిరిగి కలిపినారు. సాయంకాలము కలిపినారు, తెల్లవారునప్పటికి ఒకటి రెక్కలు చినిగి అడుగున పడివున్నది. కారణము ఈపాటికి మీరే గ్రహించివుందురు. పై అధికారము లేనిచోట మగది ఆడది కాసాగినది. ఆయన కలిపినది మొగుడు పెండ్లాములను కాదు, ఇద్దరు యజమానురాండ్రను. ఒక యింటిలో ఇద్దరు యజమానురాండ్రు వుండుటకు ఆ జాతిలో న్యాయము లేదు. మిత్రులు ఆ దుఃఖముతో తొట్టినే తీసివేసినారు. ఆయనను మేము తప్పుపట్టము. చూచినదానిని బట్టి ఎవరైనను అట్లే చేసివుందురు.

అయితే ఎంత కొట్టినను ఊరకుండవలెనా అని అడుగవచ్చును. కాదు. చిన్నదానికి దాగుకొనుటకు ఒక కుండపెంకో రాయో వున్నదా, మేతవేళ పైకి వచ్చి తినగలుగుచున్నదా, రెక్కల అంచులు మాత్రమే చినిగి రెండు మూడు దినములలో మానుచున్నవా, ఈ మూడును చూడవలెను. ఇవి వున్నచో ఊరకుండవలెను. అది తిండి మాని, నీటిపైన మూలకు అంటుకొని, ఒంటిమీద గాయములతో వున్నచో ఆపద. అప్పుడు తీయవలసి వచ్చినను మేము చిన్నదానిని తీయము. పెద్దదానిని కన్నములు పొడిచిన ప్లాస్టిక్ బుట్టలో పెట్టి అదే తొట్టిలో వేలాడదీయుదుము. కొన్ని దినములలో చిన్నది తొట్టినంతటిని ఎరిగి ధైర్యము తెచ్చుకొనును. ఒకదానినొకటి చూచుచునే వుండును గనుక వరుస చెడదు.

జబ్బు గుర్తులు వేరు. దవడలు ఆడించుచు వడివడిగా ఊపిరి తీయుట, ఒంటిమీద తెల్లని జిగురు పొరలుగా లేచుట, రెండు దినములు వరుసగా మేత ముట్టకుండుట. తెల్లని జిగురు లేచుట బ్రూక్లినెల్లా అను సూక్ష్మజీవి వలన కావచ్చును. క్లౌన్ చేపలకు అది ప్రత్యేక శత్రువు, గంటలలో చంపగలదు. దానికి ఆలస్యము కూడదు. ఇక రాత్రి దీపమార్పిన తరువాత ఒక మూల పక్కకు ఒరిగి చచ్చినట్లు తేలుచుండుట జబ్బు కాదు, నిద్ర. తొట్టిలోనుండి టక్ టక్ మని శబ్దము వచ్చుట మోటారు చెడిపోయి కాదు. బెల్జియములోని లియేజ్ విశ్వవిద్యాలయపు ఎరిక్ పార్మెంటియర్ గారు 2007లో కనుగొన్నదేమనగా, ఈ చేప దవడలను చటుక్కున మూసి పండ్లను పండ్లకు తాకించి ఆ శబ్దము చేయును. బెదిరించుటకు ఒక విధము, లోబడుటకు వేరొక విధము కలవు. మా మరది ఆ శబ్దమునకై రెండుసార్లు మోటారు విప్పి చూచినాడు.

ఇన్నింటిలో మనకు సంతోషము కలిగించు వింత ఒకటి వున్నది. మగది హఠాత్తుగా ఒక పెంకునో రాతినో ఎంచుకొని నోటితో కొరికి కొరికి పాచి తీయసాగును. రెండు మూడు దినములు అదే పని. ఆడదియు వచ్చి చేయి కలుపును. చేతులు లేవు గనుక నోరు కలుపును అనవలెను. పొట్ట ఉబ్బివుండును. అప్పటిదాకా సాధువుగా వున్న చేప మన చేతిని కూడ కొరుకును. "మేత వేసిన చేతినే కొరికినది, విశ్వాసము లేని జంతువు" అని ఒక సోదరి మాతో చెప్పుకొన్నారు. అమ్మా, పురిటింటికి పోయి సామాను సర్దబోయినచో ఎవరు కొరుకరు? గుడ్లు పెట్టబోవుచున్నదని ఎరిగి చేయి తీసుకొనుడు.

సాయంత్రపు వేళ ఆడది పొట్టను ఆ పెంకుకు రాయుచు వరుసలు వరుసలుగా గుడ్లు అంటించును. వెంటనే మగది దాని వెనుకనే పోవుచు వానిని ఫలింపజేయును. మొదటిసారి నూటికి లోపలనే వుండవచ్చును. అలవాటైన జంట కొన్ని వందలు పెట్టును. మొదట పచ్చని నారింజ రంగు. నాలుగైదు దినములకు లోపలి బిడ్డల కండ్లు వెండి చుక్కలవలె మెరయును. ఇక కావలి అంతయు మగనిది. పక్కరెక్కలతో విసరును, నోటితో ఒక్కొక్కదానిని శుభ్రము చేయును, తెల్లబడి చచ్చిన గుడ్డును తీసి తినివేయును. ఆడది ఇంటిచుట్టు తిరిగి పగవానిని తరుమును. మన చెరువులలో కొరమీను జంట తన ఎర్రని పిల్లల గుంపు క్రింద కాపలా తిరుగుట చూచినవారు ఈ సభలో వుందురు. ఆ బుద్ధియే ఇదియు.

రెండవ దినమునకో మూడవ దినమునకో గుడ్లన్నియు మాయమగుట కద్దు. తండ్రియే తినివేసినాడని తెలిసి పిల్లలు ఏడ్చిన ఇండ్లున్నవి. కొత్త జంటలలో ఇది మామూలు. ఫలించని గుడ్లు, బూజు పట్టిన గుడ్లు, ఎక్కువ అలజడి, చాలని మేత, ఏదైనను కారణము కావచ్చును. జంటను తిట్టవద్దు, మార్చవద్దు. రెండు మూడు వారములకు మరల పెట్టును. మా జంట నాలుగవసారికి గాని గుడ్లను నిలుపలేదు.

తొట్టి నీటిని గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. సముద్రము మనకు రెండు వందల కిలోమీటర్లకు పైన వున్నది. మన బోరునీరు ఎట్టిదో, దానిలోని ఫ్లోరైడు ఎట్టిదో కోలారు జిల్లాలో కాపురమున్నవారికి చెప్పవలెనా? ఆ నీటిని నేరుగా వాడరాదు. ఆర్వో యంత్రము నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్రపు ఉప్పు పొడి కలుపవలెను. వంట ఉప్పు పనికిరాదు. మెగ్నీషియము, కాల్షియము మొదలైనవి దానిలో లేవు. ఎండకు ఇంకిపోయిన నీటికి బదులు ఉప్పునీరు పోయరాదు. నీరే ఆవిరియైనది గాని ఉప్పు తొట్టిలోనే మిగిలివున్నది గదా, మంచినీరే పోయవలెను. చేపలు వింతగా మారినవని మా వద్దకు వచ్చిన వారిలో ఇద్దరి యింట నీరు ఉప్పు గట్టిపడినదే అసలు కారణము. యంత్రము ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు వదలివేయును. బిందె నీటికై గంటలు కాచుకొన్న జిల్లాలో అది పారబోయుట పాపము. మా యింట ఆ నీటితో గిన్నెలు తోముచున్నారు, వాకిలి చల్లుచున్నారు. ఇంత చేసియు, ఈ కరువు సీమలో సముద్రపు చేప అవసరమా అని మా తండ్రిగారు అడుగుచుందురు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. వంద లీటర్ల తొట్టి ఒక్కటి చాలును, రెండవది వద్దని మేము ఇంటిలో నియమము పెట్టుకొన్నాము.

కొనునప్పుడు అడుగవలసినది ఒకటున్నది. సముద్రములో పట్టిన చేపయా, తొట్టిలో పుట్టిన చేపయా? 1947లో స్థాపించబడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు విళింజము, మండపము కేంద్రములలో క్లౌన్ చేపలను తొట్లలో పుట్టించి పెంచు విధానమును సాధించినారు. తమిళనాడులో పరంగిపేటలోని అణ్ణామలై విశ్వవిద్యాలయము వారును చేసినారు. తొట్టిలో పుట్టినది మన మేతకు అలవాటుపడివుండును, రోగము తక్కువ, ఎనిమోన్ లేకయే మట్టిపెంకునే ఇల్లు చేసుకొనును. సముద్రములో పట్టినప్పుడు పెద్ద ఆడదానిని పట్టుకొనిపోయినచో అక్కడి కుటుంబము వరుసయంతయు తలక్రిందులై తిరిగి గుడ్లు పెట్టుటకు నెలలు పట్టును. తొట్టికి అందమని ప్రాణమున్న పగడపు రాయి అమ్మజూపు వారు కూడ వున్నారు. రాతిపగడములు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేరినవి, కొనుట నేరము. మరియొకటి, ఈ చేప అయిదారు నెలల ఆటబొమ్మ కాదు. బాగుగా చూచుకొన్నచో ఇరువది యేండ్లు కూడ బ్రతుకును. బదిలీలయ్యే ఉద్యోగస్థులు ఈ లెక్క ముందు వేసుకొనుట మంచిది.

పిల్లలను పెంచుట గురించి అడిగినవారికి సమాధానము: చాల కష్టము. పొదిగిన పిల్లకు మొదటి మేత రోటిఫర్ అను కంటికి ఆనని పురుగు. ఆ పురుగును బ్రతికించుటకు పచ్చని పాచినీరు వేరుగా పెంచవలెను. రెండుసార్లు ప్రయత్నించినాము. రెండవసారి పదకొండు పిల్లలకు తెల్లపట్టీలు వచ్చినవి. వానిలో ఆరు ఈ సభలోని మూడు ఇండ్లలో వున్నవి.

మా జంట అయిదు దినముల క్రిందట మరల గుడ్లు పెట్టినది. తొట్టి నీరు 27 డిగ్రీలు వున్నందున ఏడవ లేక ఎనిమిదవ రాత్రి పొదుగవలెను. దీపములార్పిన గంట రెండు గంటలలో అది జరుగును. చూడగోరు పిల్లలను ఎల్లుండి రాత్రి ఎనిమిది గంటలకు తీసుకొని రావచ్చును. టార్చిలైటు మాత్రము తేవద్దు. వెలుతురు పడినచో ఆ రాత్రికి పొదుగక ఆగిపోవును.